నాయన నాలుక

శనివారం, గిద్దలూరు

ఒకేలా కనిపించే రెండు కణితుల్లో ఒకటి రేడియేషన్‌కు కరిగిపోతే, రెండోది ఎందుకు మొండికేస్తుంది? ఎమ్మెస్సీ చదివే రోజుల నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. అప్పుడది పరీక్షలో రాసే ప్రశ్న. ఇప్పుడు నాయన నాలుక మీద ఉంది.

నాలుక నుంచి తీసిన ముక్క పరీక్ష రిపోర్టు ఈరోజు వచ్చింది. కణితిలో ఒక ప్రొటీన్ ఎక్కువగా ఉందట. అలాంటి వాళ్లలో కొందరికి రేడియేషన్ సరిగా పనిచేయదట. కొందరంటే ఎందరని అడిగాను.

"ఇది ఇంకా పరిశోధనలో ఉన్న పరీక్షమ్మా. దీన్నిబట్టి ఖాయంగా చెప్పలేను," అన్నారు డాక్టర్.

ఆపరేషన్ అయితే సగం నాలుక తీసేస్తారు. రేడియేషనా, ఆపరేషనా అన్నది సోమవారం డాక్టర్‌కు చెప్పాలి.

సాయంత్రం రాచర్లలో అమ్మానాయనల దగ్గరికి వెళ్లి చెప్పాను. నాయన మేకల బేరగాడు కదా, నవ్వాడు.

"నోరు మెదపకుండా తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకునే గదా పాపా, ఇన్నేళ్లు బేరం చేసింది. నాలుక మీ అమ్మను తిట్టేదానికే."

"తిట్టింది చాల్లే. కోసినాక అన్నం ఎట్ల మింగుతాడో అడిగినావా?" అంది అమ్మ.

నేను అడగలేదు.

"చదువుకున్నదానివి నువ్వు. కరెంటు పెట్టిచ్చుకోమంటే పెట్టిచ్చుకుంటా, కొయ్యించుకోమంటే కొయ్యించుకుంటా," అన్నాడు నాయన. రేడియేషన్‌ను ఆయన కరెంటనే అంటాడు.

ఆ ప్రొటీన్ మీద నేను సెమినార్ కూడా ఇచ్చాను. అది నాయనలో ఏం చేస్తుందో మాత్రం తెలియదు. రేడియేషన్ పెట్టించి అది పనిచేయకపోతే ఉన్న కాలాన్ని నేనే పోగొట్టినట్టు. కోయించాక, కరెంటుతోనే తగ్గేదేమో అనిపిస్తే...

కోయించాలో వద్దో నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.