విశాఖలో నాయనతో ఒక పగలు

జూన్ 14
ఓడ ప్రయాణం ఖాయమైంది. బీమా పాలసీలు బాగా చేయించినందుకు కంపెనీ ఇస్తున్న బహుమతి, ఇద్దరికి. చెన్నైలో ఎక్కాలి, విశాఖలో ఒక పగలు ఆగుతుంది, తిరిగి చెన్నై. మా ఆయనకు సెలవు లేదు. నాయన్ని తీసుకెళ్తాను. ఫోన్లో చెప్పాను. "గొర్లను ఎవురు సూస్తారు పాపా?" మళ్లీ తనే — "సముద్రం శానా పెద్దదంట గదా."

జూన్ 19
విశాఖలో ఆఫీసు వాళ్లందరికీ ఏసీ బస్సు, గైడు, భోజనం. మేమిద్దరం అందులో వెళ్లం. రేవు గేటు నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కు ఆటో, అక్కడ సింహాచలం బస్సు. దర్శనం త్వరగా అయితే బీచ్‌కు ఇంకో బస్సు. లేదంటే నేరుగా వెనక్కి. ఓడ మన కోసం ఆగదు, కాబట్టి ఆఖరి బస్సును నమ్ముకోకూడదు. విశాఖ బ్రాంచి అమ్మాయి ఫోన్లో — "సెలవు రోజయితే క్యూ ఎక్కువ మేడమ్." మనది బుధవారం. సరిపోతుంది.
సొంతంగా తిరగడం నాకిష్టమని మేనేజర్‌గారికి చెప్పాను.

జూన్ 20
ఇష్టం కాదు. ఆ ఏసీ బస్సులో అందరి మధ్యా నాయన "యాడికి పోతాండాం?" అని గట్టిగా అడుగుతాడని భయం. అంతే. రాయడానికే సిగ్గుగా ఉంది.

జూలై 1, ఓడలో
నాయన కొత్త పంచె కట్టాడు. భుజాన తువ్వాలు. పై అంతస్తులో ఈత కొలను చూసి నిలబడిపోయాడు. "సుట్టూ ఇన్ని నీళ్లుండాయి, మళ్లా ఈ నీళ్లెందుకప్పా?" పక్కనున్నవాళ్లు నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి.
రాత్రి భోజనాల దగ్గర మేనేజర్‌గారి భార్య — "ఎవరండీ ఆ పెద్దాయన? భాష భలేగా ఉందే!"
"మా ఊరాయనండీ… తోడుగా వచ్చాడు."
నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. తిరిగి చూస్తే వెనకే నాయన. చేతిలో రెండు ప్లేట్లు. ఒకటి నాకు.
విన్నాడా? ముఖంలో ఏమీ తెలియలేదు. ప్లేటు నా ముందు పెట్టి వేరే టేబుల్‌కు వెళ్లి కూర్చున్నాడు.

జూలై 2, విశాఖ
అనుకున్నట్టే అన్నీ దొరికాయి. ఆటో, బస్సు, కిటికీ పక్క సీటు. దారంతా నాయన పచ్చని కొండలు చూస్తూనే ఉన్నాడు. "ఈడ వానకు మొక్కాల్సిన పని లేదేమో." దర్శనం తొందరగానే అయింది. బీచ్ బస్సు ఎక్కాం. ముందు సీటులో ఒకావిడ, ఒళ్లో కూరగాయల సంచి, వెనక్కి తిరిగి నన్నడిగింది.
"మీ నాన్నేటమ్మా?"
నేను నోరు తెరిచేలోగా నాయనే —
"కాదు తల్లీ. వాళ్ల ఊరాయన్ని. సముద్రం సూడల్లని ఎంబడి వచ్చినా."
మామూలుగా అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.
"లేదండీ, మా నాయనే" అనొచ్చు. బస్సు ఒక స్టాపు దాటింది. ఇంకో స్టాపు. ఆవిడ దిగిపోయింది.
బీచ్‌లో నాయన మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడ్డాడు. చెప్పులు పట్టుకుని నేను ఒడ్డున. నాయనా అని పిలవలేకపోయాను. బస్సు వేళ దాటుతుంటే తనే వచ్చాడు. "పోదాం పద. నీ ఓడ పోతాది."
నీ ఓడ.

జూలై 3
తిండికి రానన్నాడు. "నువ్వు పోమ్మా, వాళ్లు ఎదురు సూస్తాంటారు." వెళ్లాను. ఇడ్లీ ప్లేట్లోనే వదిలేశాను. గదికి తిరిగొస్తే కిటికీ అద్దంలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నాడు. చెప్పాలని పక్కనే కూర్చున్నాను. "ఉప్పు నీళ్లయినా ఎంత సల్లగుండాయో" అన్నాడు. నేను ఊఁ అన్నాను.

జూలై 4
కళ్యాణదుర్గం దాకా వచ్చి నాయన్ని మా ఊరి షేర్ ఆటో ఎక్కించాను. చెయ్యి ఊపాడు.

జూలై 9
ఓడ ప్రయాణానికని ఆఫీసు వాళ్లు పెట్టిన వాట్సాప్ గ్రూపులో ఫోటోలు. ఒకదాంట్లో వెనకగా నాయన, రెయిలింగు పట్టుకుని. విజయవాడ బ్రాంచి అతను — "ఈ తాతగారెవరు?"
"మా నాయన" అని టైపు చేశాను. పంపాను.
వరసగా హృదయాల బొమ్మలు, దండాల బొమ్మలు. మేనేజర్‌గారి భార్యే — "అయ్యో, చెప్పనేలేదేం! అదృష్టవంతులండీ ఆయన, ఇలాంటి కూతురు…"
ఫోను బోర్లా పెట్టేశాను.

జూలై 10
ఊరికి ఫోన్ చేశాను. ఎత్తింది చిన్నాయన. "మీ నాయన ఊరంతా సెప్తాండాడు పాపా, మా పాప సముద్రం సూపించిందని. ఇననోళ్లకు గూడా సెప్తాండాడు." తర్వాత నాయనకిచ్చాడు. ఇంకా వాన రాలేదట. విత్తనం వేయాలా వద్దా అని చూస్తున్నారట. గొర్రెల గురించి చెప్పాడు. నేను వింటూ ఉన్నాను.
"ఏమో సెప్పల్లని ఫోను సేసినట్టుండావే?"
"ఏం లేదు నాయనా."
లైను అలాగే ఉంది. తనూ పెట్టెయ్యలేదు.