మిద్దె మీద గది టీచరమ్మకే ఇచ్చెయ్యి

రాయపురం, చెన్నై
వైశాఖం, మధ్యాహ్నం

చి. సౌ. సుశీలను ఆశీర్వదించి మీ చిన్నన్న రాసేది. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు. అందరం అనడానికి ఉన్నది నేనొక్కణ్ణే. క్షేమమన్నది ఈ నెలలో ఈ ఊళ్లో ఎవరికీ లేదు.

"రెండేళ్లు మద్రాసులో ఓర్చుకోరా, ఈలోపల ఈడ పని చూసి నేనే పిలిపిస్తా" అని పెద్దన్న మదనపల్లె బస్టాండులో నా చేతిలో చెయ్యి వేసి చెప్పినప్పుడు టిఫిన్ క్యారియర్ పట్టుకుని నువ్వు పక్కనే ఉన్నావు. నాకప్పుడు ఇరవై రెండు. ఇప్పుడు డెబ్బై నాలుగు. పిలుపు రాలేదు. పెద్దన్నే పోయాడు. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదని నువ్వంటావు. ఉన్నప్పుడు ఉంచుకుంటే మాత్రం ఆయనకు తెలిసిందా?

మదనపల్లెలో మీ ఇంటి నుంచి వచ్చి ఇరవై రోజులైంది. కత్తెర ఎండలు మొదలయ్యాయి. ఎండతో నాకు పేచీ లేదు, ఎండలో పుట్టినవాణ్ణే. ఈ ఉక్కతోనే. స్నానం చేసి తుడుచుకునేలోపల మళ్లీ తడుస్తున్నాను. ఉప్పు జాడీలో నీరు ఊరుతోంది. దోసెపిండి పొద్దున రుబ్బితే మధ్యాహ్నానికి పులిసి పొంగుతోంది. అప్పడం వేయించి పళ్లెం దాకా తెచ్చేసరికి గుడ్డముక్క అవుతోంది. అలమారలో పుస్తకాల అట్టలు ఒకదానికొకటి అంటుకున్నాయి, విడదీస్తే పేర్లు ఊడి వస్తున్నాయి. ఇన్ని కావ్యాలు చదివాను, గ్రీష్మం అనగానే ప్రతి కవీ ఎండనూ దాహాన్నీ వర్ణించినవాడే. చంకలో చెమటకాయల గురించి రాసినవాడు నాకు తగల్లేదు. వాళ్లెవరూ రాయపురంలో మూడో అంతస్తులో ఉండి ఉండరు.

ఇక్కడే చూలై పేటలో ఒక తెలుగు పుస్తకాల ప్రెస్సులో ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దాను. ఫ్యాను కిందే, కాకపోతే ఆపేసిన ఫ్యాను కింద. తిరిగితే కాగితాలు ఎగురుతాయి. యజమాని గదిలో కాగితాలు ఉండవు కాబట్టి అక్కడ ఏసీ ఉండేది. ముంజేతి కింద తువ్వాలు వేసుకుని దిద్దేవాణ్ణి. అయినా ముక్కు మీంచి చెమటచుక్క పడి నేను పెట్టిన దిద్దుబాటు చెరిగిపోయేది. గుర్తు లేదు గనక తప్పూ లేదనుకుని కంపోజిటర్ అలాగే వదిలేసేవాడు. పుస్తకం వచ్చాక "మీకు కళ్లు కనపడవా?" అని యజమాని నన్ను అడిగేవాడు. ఆయన అచ్చువేసిన పుస్తకాల్లో తప్పులన్నీ నా చెమటే. ఆ సంగతి ఆయనకు చెప్పకుండానే రిటైరయ్యాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను, ఏం లాభం?

ఇకమీదట నేను ఏ చల్లని ఊళ్లో ఉండాలో మీ అబ్బాయి శీను ఫోనులో వెతికి చెప్పాడు గుర్తుందా? హోసూరు అన్నాడు, ఎవరున్నారు అక్కడ నాకు? బెంగుళూరు అన్నాడు, అక్కడ ఇల్లు దొరికేలోపల నాకు శ్మశానంలో చోటు దొరుకుతుంది. కొండ మీద కూనూరు అన్నాడు, నా మోకాళ్లను అడిగి చెబుతానన్నాను. చివరికి నువ్వే, "ఎక్కడికో ఎందుకన్నా, మా మిద్దె మీద గది ఉంది గదా, ఉక్క అనే మాటే ఉండదు ఈడ" అన్నావు. యాభై రెండేళ్ల తర్వాత నన్ను పిలిచింది నువ్వే. నెలాఖరులోపల చెప్పకపోతే గది స్కూలు టీచరమ్మకు ఇవ్వాలన్నావు. ఆ జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఒక సంగతి. నేను పదిరోజులు ఉంటానని వచ్చి ఆరో రోజున బయలుదేరినందుకు నువ్వు కోడల్ని తిట్టావని శీను చెప్పాడు. తిట్టొద్దు. డాక్టరు రమ్మన్నాడని నేను చెప్పింది అబద్ధం. అయితే కారణం ఆ పిల్ల కాదు.

నేను వచ్చిన మర్నాడు ఏం జరిగిందో, నువ్వు గుడికి పోయి ఉన్నావు కాబట్టి నీకు సగమే తెలుసు. నాలుగు గంటలప్పుడు మిద్దె ఎక్కాను. డ్రమ్ములో నీళ్లు కనపడ్డాయి. బిందెతో ముంచి నేలంతా పోశాను, డ్రమ్ము అడుగంటేదాకా. పక్క మిద్దె మీద బట్టలు తీస్తున్న పెద్దాయన, "ఏం సామీ, మిద్దె మీద నారు పోస్తాండావా?" అన్నాడు. కోడలు పరుగెత్తుకొచ్చి, "అయ్యో పెదనాయనా, అవి తాగే నీళ్లు గదా, మళ్లీ శుక్రవారం గానీ రావు" అంది. అంతే అంది. చీపురు తెచ్చి, ఆ నీళ్లను ఒక పక్కకు ఊడ్చి, మొక్కల కుండీలకు ఎత్తి పోసింది. నవ్వుతూనే చేసింది. ఈ మాట నువ్వు నమ్మాలి.

అసలు సంగతి ఆ తర్వాతది. ఆమె కిందికి పోయాక తడినేల మీద కుర్చీ వేసుకుని తూర్పుకు తిరిగి కూర్చున్నాను. గంటన్నర కూర్చున్నాను. దేని కోసమో నాకే తెలియలేదు. ఒళ్లు పొడిగా ఉంది, గాలి చల్లగా ఉంది, నేను యాభై ఏళ్లుగా ఏడ్చి అడుగుతున్నది అదే. అప్పుడు తెలిసింది. సముద్రగాలి కోసం కూర్చున్నాను. మదనపల్లెలో.

మీ వదినది ఇక్కడి చింతాద్రిపేటే, ఈ మద్రాసు తప్ప ఇంకో ఊరు తెలియని మనిషి. పెళ్లయిన మొదటి వేసవిలోనే, ఈ ఊళ్లో ఉండలేను, మావైపు పోదామన్నాను. "నేనుండేదాకా ఈడే. ఆ పైన నువ్వు యాడికన్నా పో" అంది. రోజూ నాలుగింటికి మేడమీద ఉప్పునీళ్లు చల్లేది. నేను విసుక్కుంటే, "కూసోబ్బా, ఇంకో అయిదు నిమిషాలు. కాత్తు వస్తుండాది" అనేది. గాలిని కాత్తు అనే అనేది చివరిదాకా. రాని రోజున, "ఆడ హార్బరులో ఎవురో పట్టుకొని మాట్లాడుతుండారు దానితో" అనేది. వచ్చిన రోజున ఏమీ అనేది కాదు, జడ విప్పుకునేది.

ఆమె పోయి మూడేళ్లు. ఎక్కడికైనా పొమ్మన్న మాట ప్రకారం వచ్చాను. మిగిలిన రోజులు కూడా నాలుగయ్యేసరికి నా కాళ్లు మెట్లెక్కాయి. నీళ్లు పోయలేదు, కూర్చున్నాను. ఆరో రోజుకు ఆ చల్లదనం నాకు ఊపిరాడనివ్వలేదు.

కాబట్టి సుశీలా, గది టీచరమ్మకే ఇచ్చెయ్యి. ఇక్కడ బాగుందని కాదు, ఇప్పుడీ కాగితం మీద కూడా చెయ్యి అంటుకుంటోంది. ఇక్కడ ఉండలేను, అక్కడ ఉండటం చేతకాలేదు. శీను ఫోనులో ఈ రెంటికీ మధ్య ఊరేదీ లేదు.

నా కళ్లజోడు పెట్టె మీ కిటికీలో మరిచాను, ఎవరైనా వస్తుంటే పంపు. టమాటాలు పంపొద్దు, ఈ తడికి రెండో రోజుకే కుళ్లుతాయి. బావగారికి నా నమస్కారాలు. కోడలికీ శీనుకూ నా దీవెనలు, నీకు అన్నిటికంటే ముందు. నా ఆరోగ్యం గురించి దిగులు పడకు, అది నాకంటే మొండిది.

ఇట్లు,
నీ చిన్నన్న

తా.క. పెద్దన్న మీద కోపం వదిలెయ్యమన్నావు. వదిలేశాను, ఆయన పిలిచి ఉన్నా నేను వచ్చి ఉండేవాణ్ణి కాదని ఇప్పుడు తెలుసు. యజమానినీ వదిలేశాను. నాకు ఇంకే ఊరూ లేకుండా చేసి, తను మాత్రం హాయిగా వెళ్లిపోయిన మనిషి ఒకతె ఉంది. ఆమెను మాత్రం క్షమించను. మీ వదిన, రాజేశ్వరి.