ధర్మారావుకు ఇల్లు, షరతు లేకుండా

ఇల్లినాయ్ రాష్ట్రం షామ్‌బర్గ్‌లో నివసించే కనకదుర్గ అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినవి చెల్లవు. అమలు బాధ్యత మా తమ్ముడు ధర్మారావు కూతురు రిషితది.

1. నా ఇల్లు ధర్మారావుకు చెందాలి. తాగితే ఇల్లు పోతుందన్న షరతు పెట్టమని లాయరు సలహా ఇచ్చారు. వద్దన్నాను. తమ్ముడు చికిత్స చేయించుకున్నాక మూడుసార్లు మళ్లీ తాగాడు. మూడుసార్లూ సంతోషంలోనే. మొదటిసారి, వాడు ట్రీట్‌మెంట్ సెంటర్‌లో ఉంటే ఇండియా వెళ్లాడని అందరికీ చెప్పాం. తిరిగొచ్చాడని స్నేహితులు బేస్‌మెంట్‌లో పార్టీ ఇచ్చారు. రెండోసారి గ్రీన్‌కార్డు వచ్చినప్పుడు. ఆ రెండుసార్లూ నెలల తరబడి దాచాడు. మూడోసారి రిషిత గ్రాడ్యుయేషన్‌కి. మర్నాడు పొద్దున్నే నా తలుపు తట్టి, "అక్కా, నిన్న తాగాను. కారు తాళాలు నీ దగ్గరుంచు, నన్ను మీటింగ్‌కి డ్రాప్ చెయ్యి" అన్నాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే మీటింగ్ అది. ఎవరూ అడగకముందే. మా కుటుంబంలో డిగ్రీలు చాలా ఉన్నాయి, నాకు గర్వం మాత్రం ఆ ఉదయం గురించే. ఇల్లు పోతుందన్న భయం ఉంటే వాడు ఆ తలుపు తట్టేవాడు కాదు.

2. గృహప్రవేశానికి తమ్ముడి స్నేహితుడు రాజారావు ఇచ్చిన విస్కీ గ్లాసుల సెట్టు ఆయనకే తిరిగి చెందాలి. పెట్టె విప్పలేదు. ఆ బేస్‌మెంట్ పార్టీలో "ఒక్క పెగ్గుకి ఏం కాదులే బావా" అని గ్లాసు చేతిలో పెట్టింది ఆయనే. నిజం చెప్పనిది మేం కాబట్టి సగం తప్పు మాది. మిగతా సగానికి గ్లాసులు.

3. నా కెంపుల గాజులు రిషితకు. "నాన్న ఇండియాలో లేడు కదా అత్తా, లై ఎందుకు చెప్తున్నాం?" అని మా ఇంట్లో అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

4. ధర్మారావు వెళ్లే మీటింగ్ జరిగే చర్చి హాలుకు నా పెద్ద కాఫీ ఫిల్టరు, ఏడాదికి సరిపడా కాఫీ పొడి. అక్కడి కాఫీ తాగి చూశాను.

5. ఇల్లు తనదైందన్నది కూడా ధర్మారావుకు శుభవార్తే. కనుక రిషిత ఆ మాట ఫోన్‌లో చెప్పకూడదు. వెళ్లి, భోజనం పెట్టి, పక్కన కూర్చుని చెప్పాలి. ఆ రోజంతా అక్కడే ఉండాలి. అయినా తాగితే, మర్నాడు మీటింగ్‌కి తీసుకెళ్లాలి. ఇల్లు అప్పటికీ వాడిదే.

షామ్‌బర్గ్, 2024 అక్టోబర్ 11.

(సంతకం) కనకదుర్గ

మా ఎదుట సంతకం చేశారు:
అదితి, పక్కింటి నివాసి
కోటయ్య, మాజీ సహోద్యోగి