పోర్చుగల్ ఆవిడకు వేసిన పన్ను

సైబర్‌జయ, మలేసియా, మంగళవారం రాత్రి

తప్పు మా మేనేజరుది. ఐరోపా వ్యాపారి తన వ్యాట్ నంబరు ఇచ్చాక మా సాఫ్ట్‌వేర్ చందా మీద మేం పన్ను వేయకూడదు. ఆ లెక్క వాళ్ళ దేశంలో వాళ్ళే చూసుకుంటారు. అయినా వేయించాడు. కస్టమర్లు ఎవరైనా అడిగితే జవాబులో “మీ ప్రభుత్వ నిబంధన” అని రాయమన్నాడు. పోర్చుగల్‌లో ఒక్కతే పుస్తకాలకు బైండింగ్ చేసుకునే ఆవిడకు ఆ అబద్ధం పంపింది నేనే.

మధ్యాహ్నం ఆ కోపమంతా పక్క సీటు పార్వతక్క మీద చూపించాను. ఇన్నేళ్ళుగా చూస్తూ నోరెత్తవేం, పిరికిదానివా అని నేను చదివే యూనియన్ కరపత్రాల భాషలో అరిచాను.

“ఏటి తమ్ముడూ, నీ కరపత్రాలు సదివితే ఆవిడ డబ్బు తిరిగొస్తాదా? నాను పొద్దున్నే ఎనక్కి పంపేసినాను. తిను లా!” అని మాట చివర ఇక్కడి మలేసియా ‘లా’ తగిలించి, తన నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లంలో సగం నా వైపు తోసింది.

అనుమతి లేకుండా పంపినందుకు రేపు తొమ్మిదికి మేనేజరు ఆమెను సంజాయిషీకి పిలిచాడు. ఉద్యోగం పోవచ్చు. అక్క చెప్పలేదు, సాయంత్రం ఆ పిలుపు ఆమె స్క్రీన్ మీద చూశాను. పిరికిదన్న నోటితోనే ఆమె అన్నం తిన్నాను...

ఇందాక మా టీమ్‌లో ఐదుగురికీ మెసేజ్ పెట్టాను: “అక్క చేసింది న్యాయం. ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళకూడదు. రేపు ఎనిమిదిన్నరకల్లా లిఫ్ట్ దగ్గరికి రండి.”