థర్మన్ కుడి చెవి

1953 అక్టోబర్ 9, టొలీడో

ఇన్నేళ్ళుగా ట్రాంబోన్ ఊదుతున్నాను కానీ, ఎవరెవరు ఎక్కడ ఏం వాయించాలో నేనే రాసిన పాట బ్యాండంతా వాయించడం ఇవాళే మొదలు. నా అరేంజ్‌మెంట్! ఏడుపొచ్చినంత పనైంది. కానీ థర్మన్ రెండు చోట్ల ఆలస్యంగా అందుకున్నాడు. పిట్స్‌బర్గ్‌లో చిన్నప్పుడు ఇద్దరం ఒకే మాస్టారి దగ్గర ట్రాంబోన్ నేర్చుకున్నాం. అప్పట్నుంచీ పక్క పక్క కుర్చీలే. వాడు తాళం తప్పడం ఎన్నడూ చూడలేదు. బ్యాండ్ నడిపే మా బాస్ క్రాండల్ వెనక్కి తిరిగి చూశాడు.

అక్టోబర్ 10

బ్యాండ్ బస్సులో వాడి ఎడమ పక్కన కూర్చుని పిలిచాను. పలకలేదు. భుజం తడితే ఉలిక్కిపడ్డాడు. అప్పుడు చెప్పాడు. ఎడమ చెవి పూర్తిగా పోయిందట. కుడిదీ మందగిస్తోందట. ఒరే అలాంజో, బాస్‌కి తెలిస్తే వచ్చే ఊళ్ళోనే దింపేస్తాడు, అవతల మా ఆవిడ ఒడెస్సాకి నెలలు నిండాయి, నోరు మూసుకుని ఉండు అన్నాడు.

మూసుకున్నాను.

అక్టోబర్ 17

నోరు మూసుకుంటే చాలదు. పాటలన్నీ తిరగరాస్తున్నాను. వాడు అందుకోవాల్సిన చోటల్లా ముందు నేను మొదలుపెడతాను. నా ట్రాంబోన్ స్లైడ్ గొట్టం ముందుకు సాగడం కంటి కొసతో చూసి వాడు అందుకుంటాడు. చూసేవాళ్ళకి ఏమీ తెలియదు.

1954 మే 2

ఏమయ్యా, ఆ ట్రాంబోన్లు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే అన్నదమ్ములు కబుర్లు చెప్పుకున్నట్టుంది, జనం డాన్సు ఆపి మరీ వింటున్నారు, ఇంకా రాయి అన్నాడు బాస్. థర్మన్‌కి ఆ మాటలు పేపరు మీద రాసి చూపించాను. బస్సు వెనక సీట్లో పడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. నేనూ.

1955 ఫిబ్రవరి 20

న్యూయార్క్ నుంచి ఫోను. పెద్ద బ్యాండ్. వాయించడానికీ, అరేంజ్‌మెంట్లు రాయడానికీ రమ్మన్నారు. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికేముంది? నేను వెళితే ఇక్కడ వాడి పని అయిపోయినట్టే.

ఫిబ్రవరి 27

ఆదివారం. చర్చి అయ్యాక థర్మన్ ఇంట్లో భోజనం. ఒడెస్సా కాలర్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె పెట్టింది. పాప నా ఒళ్ళోనే నిద్రపోయింది. అన్నయ్యా, న్యూయార్క్ సంగతి మాకెందుకు చెప్పలేదు అని ఒడెస్సా మెల్లగా అడిగింది. మా డ్రమ్మర్ భార్య చర్చిలో చెప్పేసిందట. థర్మన్‌కి వినపడేలా పెద్దగా మరోసారి చెప్పింది. వాడు పళ్ళెం పక్కకి తోసేశాడు. నా చెవులకి నిన్నెవడురా కాపలా పెట్టింది అని అరిచాడు. తానెంత గట్టిగా అరుస్తున్నాడో వాడికి తెలియదు. పాప లేచి ఏడ్చింది.

మార్చి 5, యంగ్స్‌టౌన్

వాడు కుర్చీ లాక్కుని శాక్సాఫోన్ల అవతల కూర్చున్నాడు. ప్రోగ్రామంతా నావైపు చూడలేదు. చాలా చోట్ల తప్పాడు. ఒక్కడే వాయించాల్సిన సోలోలో మాత్రం తప్పలేదు. అంత బాగా ట్రాంబోన్ పలకడం నేనింతవరకు వినలేదు. అయిపోగానే బాస్ దగ్గరికెళ్ళి చెవుల సంగతి తనే చెప్పేశాడు.

మార్చి 6

ఇంక బ్యాండ్‌లో ఉంచుకోలేనన్నాడట బాస్. వాడి చెయ్యి పట్టుకుని మాత్రం చాలాసేపు వదల్లేదట. అయితే నేనూ మానేస్తాను, న్యూయార్కూ వెళ్ళను అన్నాను. థర్మన్ నా కాలర్ పట్టుకున్నాడు. నా పేరు చెప్పి ఇంట్లో కూర్చున్నావంటే జన్మలో నీ మొహం చూడను, పోరా అన్నాడు. తర్వాత నలిగిన కాలర్ తనే సరిచేశాడు.

నవంబర్ 14, న్యూయార్క్

స్టూడియోలో నా మొదటి రికార్డు. రెండో ట్రాంబోన్ అతనికి చిరాకొచ్చింది. ఏంటండీ, నేనెప్పుడూ మీ వెనకే రావాలా, నాకు లెక్కపెట్టడం రాదనుకున్నారా అన్నాడు. కాగితాలు తిరగేశాను. ప్రతి పేజీలోనూ అంతే. నాకు తెలియకుండానే రాసేశాను. మార్చమన్నారు.

మార్చనన్నాను.

డిసెంబర్ 3

కుడి చెవి కూడా దాదాపు పోయినట్టేనని ఒడెస్సా ఫోన్ చేసింది. రేడియోలో నా పాట వస్తుంటే వాడు లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడట.

డిసెంబర్ 24, పిట్స్‌బర్గ్

వచ్చే నెల రికార్డు చేయాల్సిన కొత్త పాట మొత్తం, థర్మన్ కుడి చెవికి నోరు ఆనించి పాడాను. ట్రంపెట్లు, శాక్సాఫోన్లు, అన్నీ నేనే. గొంతు బొంగురుపోయింది. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. చివర్లో ట్రాంబోన్లు మరీ కింది స్థాయిలో ఉన్నాయిరా, కాస్త పైకెత్తు అన్నాడు.

ఎత్తి, మళ్ళీ పాడాను.