బొగ్గులో వడకట్టిన బోరు నీళ్లు

నాచారం,
18-8-2011.

నీటి నమూనాల పరీక్షాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మొక్కజొన్న బెండ్ల బొగ్గుతో వడకట్టిన మా బోరు నీటిని సీసం నిమిత్తం పరీక్షించుట గురించి. మూడవ అర్జీ.

1. నేను కళాశాల కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుగా పనిచేసి రిటైరైనవాడను. మూడేళ్ల క్రితం మా బోరులో సీసం మోతాదుకు మించి ఉన్నదని తేలినది. గల్లీ అంతా క్యాన్ నీళ్లకు మారినది. నేను మారలేదు. బెండ్లను గాలి చొరకుండా డ్రమ్ములో కాల్చి, ఆ బొగ్గు నలగ్గొట్టి, ఇసుకతో వడపోత కట్టుకొన్నాను. ఇట్టి బొగ్గు సీసాన్ని పట్టి ఉంచునని చదివియున్నాను. నా బొగ్గు ఎంత పట్టుచున్నదో నాకు తెలియదు.

2. ఆ నీరు వాడే ఐదు కుటుంబాల సంతకాలు కావలెనని తమ గుమాస్తా గారు రెండుసార్లు తిప్పి పంపినారు. వాడే కుటుంబం ఒక్కటే, అందులో మనిషిని నేనొక్కడినే. మిగతా నాలుగు సంతకాలు ఎక్కడి నుంచి తేను? పొద్దున లేస్తే పలకరించే దిక్కు లేదండీ.

3. పై పేరా పూర్తి నిజం కాదు. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద కంకులు కాల్చి అమ్మే బాలనర్సమ్మ, జనం తిని పారేసిన బెండ్లు రోజూ సంచిలో తెచ్చి ఇస్తుంది. పోతూ పోతూ తన క్యాన్‌లో వడపోత నీళ్లు ఐదు లీటర్లు పట్టుకుపోతుంది. నిరుడు వర్షాకాలం నుంచి ఆవిడ తాగేది అవే. మొదటిరోజే "మంచియేనా సారూ?" అని అడిగింది. మంచివేనన్నాను. పరీక్ష చేయించలేదంటే మర్నాటి నుంచి నా గేటు తీసేవాళ్లు ఉండరని భయం వేసింది. నా ప్రాణం నా ఇష్టం. ఆవిడ ప్రాణం నా ఇష్టమా? చాలా తప్పు చేశాను.

కావున సంతకాల నిబంధన సడలించి, పరీక్ష జరిపించగలందులకు ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అచ్యుతరావు

తా.క.: ఇది రాసిన సాయంత్రమే ఆవిడకు నిజం చెప్పేశాను. కోప్పడలేదు. క్యాన్‌లో నీళ్లు గేటు పక్కన పారబోసి, "అడిగిన్నాడే జెప్పొద్దా సారూ" అని వెళ్లిపోయింది. నాలుగు రోజులైంది, మళ్లీ రాలేదు. నా నోటిమాట ఆవిడ ఇక నమ్మదు. తమ ముద్ర ఉన్న కాగితం ఒకటి ఇప్పించండి. ఫలితం చెడ్డదైతే ఆవిడను దవాఖానాకు నేనే తీసుకెళ్తాను. మంచిదైనా చెడ్డదైనా, ఆవిడ కంకుల బండి దగ్గర నిలబడి నేనే చదివి వినిపిస్తాను.