పైవాళ్ళు తీసుకెళ్ళిన మనిషి

సెప్టెంబరు, శీతాకాలపు మకాం నుంచి

మా చుక్కల మరిదికి,

వదిన దీవెనలు. నేను కొత్త కోడలిగా మీ గుమ్మంలో అడుగు పెట్టిన రోజున నువ్వు తొమ్మిదేళ్ళ పిల్లాడివి. గడ్డివాము మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ, నన్ను చూడ్డానికైనా దిగి రాలేదు. అత్తింటి వాళ్ళ పేర్లు కోడలి నోట రాకూడదు కదా, అందుకని ఆ రోజే నీకీ పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు నువ్వు అల్మా-అతా నగరంలో సభలెక్కి మాట్లాడే పెద్దమనిషివి. కానీ నాకు మాత్రం అదే పేరు, అదే పిల్లాడు.

పోయిన వారం మళ్ళీ ఇద్దరొచ్చారు, ఆకాశంలోని పైవాళ్ళ గురించి నీ ఉపన్యాసం విని. ఒకడి మెడలో కెమెరా. నల్లరాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. వాటి మీద పూర్వులు చెక్కిన ఆ సూర్యుడి తలకాయల బొమ్మల ముందు నన్ను నిలబెట్టి, "అమ్మా, కొంచెం పైకి చూడండి" అన్నాడు కెమెరావాడు. "పైన గద్ద తప్ప ఏముంది నాయనా, చూశాలే" అన్నాను. "మీ ఆయన దిగి వస్తాడని నమ్ముతున్నారా?" అని రెండోవాడు అడిగాడు. "ముందు నువ్వు ఆ రాయి దిగు, జారుతుంది" అన్నాను. అదీ రాసుకున్నాడు! దానికేదో లోతైన అర్థం ఉందనుకున్నాడు కాబోలు. వాళ్ళకి టీ పోశాను, ఎండబెట్టిన పెరుగుండలు మూటకట్టి ఇచ్చాను. వెళ్ళాక ఒళ్ళు మండిపోయింది. ఎన్నాళ్ళు మరిదీ ఈ వేషం?

ఇక సూటిగా చెప్తాను. మీ అన్న పోయాడని నాకు తెలుసు. నువ్వు చెప్పిన క్షణంలోనే తెలుసు. వచ్చే నెలకి ఏడాది నిండుతుంది. ఏడాది విందు పెడతాను, గుర్రాన్ని కోస్తాను, ఊరందరినీ పిలుస్తాను. నువ్వు రావాలి. వచ్చి పదిమందిలో నోరు తెరిచి ఆ మాట అనాలి. సమాధి ఎక్కడుందో చెప్పాలి. నాకింకేం అక్కర్లేదు.

ఆ అక్టోబరు నీకు తెలియంది కాదు. కొండల వెనక పెద్ద ఉరుము ఉరిమింది, ఆకాశం నుంచి ఇనుము పడింది. అంతకు ముందూ పడింది, ఊళ్ళో సగం మంది నీళ్ళ తొట్లు ఆ రేకుతో చేసినవే. మీ అన్న గొడ్డలీ, రేకు ఈడ్చుకురావడానికి చెక్క బండీ తీసుకుని, కొట్టం కప్పుకి ఒక్క రేకు చాలని వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కళ్ళు పచ్చి మాంసంలా ఉన్నాయి. బట్టల్లోంచి కుళ్ళిన చేప వాసన. గొంతులో ఎవరో నిప్పులు పోసినట్టు దగ్గాడు. మూడోనాడు యూనిఫారం వాళ్ళు కారులో వచ్చి దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళారు. ఎక్కడికి అంటే మాట్లాడరే! నేను కారు వెనక పరిగెత్తాను. సిగ్గు లేకుండా, తల మీద గుడ్డ జారిపోయినా పరిగెత్తాను.

మొదటి మంచు పడ్డాక నువ్వొచ్చావు. నీ వెనక నిన్ను తెచ్చిన ఆ డ్రైవరు. టోపీ తీయడు, టీ తాగడు, గుమ్మంలోంచి కదలడు. నువ్వు కూర్చుని మొదలెట్టావు. పూర్వం రెండు నదుల మధ్య దేశంలో మనుషులకి విత్తనం నాటడం నేర్పిన వాళ్ళు ఆకాశం నుంచి దిగారన్నావు. హిందూ దేశంలో గాలిలో నడిచే రథాలుండేవన్నావు. సముద్రాల అవతల గడ్డం దేవుడొకడు మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడన్నావు. ఒకరినొకరు ఎరగని జనం ఒకే కథ ఎలా చెప్పుకున్నారు వదినా, మన నల్లరాళ్ళ మీద బొమ్మలూ వాళ్ళవే అన్నావు. "ఆ ఇనుము పైవాళ్ళది. అన్నయ్యని వాళ్ళే తీసుకెళ్ళారు. మంచివాళ్ళనే తీసుకెళ్తారు" అన్నావు. 

మా నాన్న పోయినప్పుడు మా మేనమామ వచ్చి, నీ గద్ద తాడు తెంపుకుని ఎగిరిపోయిందమ్మా అని మొదలెట్టాడు. "అయితే నాన్న పోయాడా?" అని నేనే అన్నాను. ఆయన తల దించుకున్నాడు. చావు కబురు మొహాన కొట్టినట్టు చెప్పే మనుషులమా మనం? కథ చెప్తాం, విన్నవాళ్ళు ఆ మాట తామే అంటారు, అప్పుడు ఏడుపు లేస్తుంది. నీకొచ్చిన కథలు నువ్వు చెప్పావు. నీకు గద్దల సంగతి తెలియదు, చుక్కల సంగతే తెలుసు. నాకర్థమైంది. కానీ నేను ఆ మాట అనలేదు. అంటే నువ్వు తల దించుతావు, ఆ డ్రైవరు చూస్తాడు. పైగా పక్కనే అత్తయ్య. "వాళ్ళకి గొర్రెలున్నాయట్రా అక్కడ?" అని అడిగింది ఆ వెర్రితల్లి. నేను "సరే" అని ఊరుకున్నాను. అంతే కదా నేనన్నది? ఒక్క మాట.

అప్పట్నుంచీ గొర్రెల కొట్టంలోకి వెళ్ళి, ముసలి గొర్రె బొచ్చులో మొహం పెట్టి, అత్తయ్యకి వినపడకుండా శోకం పెట్టుకున్నాను. మీ అన్న గుర్రం ఎక్కే తీరూ, కోపమొస్తే ముక్కు నలుపుకునే తీరూ, అన్నీ కట్టి పాడుకున్నాను. అన్నం సయించక చలికాలమంతా అలాగే గడిపాను. ఆగస్టులో అత్తయ్య, తన కొడుకు తిరిగొస్తాడని నమ్ముతూనే పోయింది. ఇప్పుడిక దాచాల్సిన వాళ్ళెవరూ లేరు.

నువ్వు నవ్వుతావేమో గానీ ఒకటి చెప్పనా? అంత చదువుకున్నావు, అన్ని దేశాల కథలూ పక్కపక్కన పెట్టావు, ఇది తట్టలేదా నీకు? ఆకాశంలోకి వెళ్ళిపోయారని చెప్పుకున్న ప్రతి మనిషి వెనకా, పొయ్యి దగ్గర కూర్చున్న ఒక ఆడది ఉండి ఉంటుంది. "పోయాడు" అని ఆమెకి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. అందుకే అన్ని చోట్లా ఒకే కథ. దిగి వచ్చినవాళ్ళెవరూ లేరు మరిదీ, వెళ్ళిపోయినవాళ్ళే ఉన్నారు.

తప్పకుండా రా. గుర్రాన్ని ఇప్పట్నుంచే మేపుతున్నాను.

నీ వదిన,
కున్‌సులు


అక్టోబరు, అల్మా-అతా

ప్రియమైన వదినకి,

ఈ ఉత్తరం తపాలాలో వేయడం లేదు. నమ్మకమైన మనిషి చేతికిస్తున్నాను. చదివాక కాల్చేయి.

వదినా, నీ ఉత్తరం చదివి రెండు రోజులు గది లోంచి బయటికి రాలేదు. నేనొచ్చి ఆ కథ చెప్పిన రోజున అన్నయ్య బతికే ఉన్నాడు.

నేను చావు కబురు చెప్పడానికి రాలేదు. ఆసుపత్రి పేరు చెప్పనని, ఇనుము సంగతి ఎత్తనని ఆ యూనిఫారం వాళ్ళు నా చేత సంతకం పెట్టించుకుని పంపారు. చెప్తే నన్ను కూడా అన్నయ్య దగ్గరికి రానివ్వం అన్నారు. నువ్వేమో ఊరుకునే దానివి కాదు, మంచులో నడిచైనా వెతుక్కుంటూ బయల్దేరతావు. ఏదో ఒకటి చెప్పి, అన్నయ్య కోలుకునే దాకా నిన్ను ఇంట్లో కూర్చోబెట్టాలనుకున్నాను. నోటికొచ్చింది అదే. చెప్తూ చెప్తూ నేనే సగం నమ్మాను. ఆ ఇనుము మనవాళ్ళు పైకి పంపిన రాకెట్ ముక్క కాకుండా ఇంకెవరిదో అయితే బాగుండునని ఎంత కోరుకున్నానో నీకు తెలియదు. నువ్వు "సరే" అన్నావు. వదిన ఎంత అమాయకురాలు, ఇట్టే నమ్మేసింది అనుకున్నాను. కారులో, నా మీద కాపలాగా వాళ్ళు పంపిన ఆ డ్రైవరు నవ్వాడు కూడా.

అన్నయ్య చలికాలం దాటాడు. చూపు పోయింది. మాట నిలిచింది. "మీ వదినేదిరా?" అని అడిగేవాడు. "బయల్దేరింది, దారిలో మంచు పట్టుకుంది" అని చెప్పేవాణ్ణి. ఏప్రిల్లో నదుల మీద మంచు విరిగాక కూడా అదే మాట చెప్పాను. "ఇంకా మంచేమిట్రా?" అన్నాడు. ఆ వారంలోనే పోయాడు. ఇక్కడే, ఈ నగరం చివర శ్మశానంలో పేరు లేకుండా అంకె వేసిన కర్ర పాతారు.

అప్పుడైనా చెప్పాల్సింది. అమ్మ ఉంది కదా అనుకున్నాను. తర్వాత ఈ సభలు, ఈ చప్పట్లు. అందరూ అన్నయ్య కథే అడుగుతారు. కాదని ఎలా అనగలను? నాకు భయం వదినా. నేను రాలేను. ఏడాది విందు పెట్టకు, ఇంకా ఏడాది కాలేదు.

నీ మరిది,
సెయిత్‌కమాల్


అక్టోబరు నెలాఖరు, శీతాకాలపు మకాం నుంచి

మరిదికి,

ముద్దుపేరు పెట్టి పిలవడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం విందు రోజు పొద్దున్నే చేరింది. గుర్రాన్ని గుంజకి కట్టేశాం. ఆడవాళ్ళు రొట్టెలు వేయిస్తున్నారు, నూనె వాసన లోయంతా ఉంది. నేను కొట్టం వెనక నిలబడి చదివాను. చదివి వచ్చి గుర్రాన్ని విప్పేశాను. ఎందుకు విప్పానో అప్పటికి నాకే తెలియదు, చేతులు వాటంతటవే విప్పాయి.

బతికున్న మనిషికి శోకం పెట్టాను మరిదీ! ఆయన అక్కడ గుడ్డి కళ్ళతో గుమ్మం కేసి చెవి పెట్టుకుని ఉంటే, నేనిక్కడ గొర్రె బొచ్చులో ఆయన్ని పూడ్చేసి కూర్చున్నాను. బతికున్నవాళ్ళకి శోకం పెడితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ అనేది. అలాంటివి నేను నమ్మను. నమ్మనని రోజూ నాకు నేను చెప్పుకుంటున్నాను. నేనెంత తెలివైనదాన్నని మురిసిపోయాను! నువ్వు చెప్పకుండానే అర్థం చేసుకున్నానట. నువ్వేమో నేను అమాయకురాలినని మురిసిపోయావు. మన ఇద్దరి తెలివీ కలిసి ఆయన్ని ఒంటరిగా చంపింది. నీ పుస్తకాల దేశాల గురించి అన్ని మాటలు రాశానే, ఆ ఆడవాళ్ళలో ఎంతమంది ఇలాగే బతికున్నవాళ్ళ కోసం ఏడ్చారో ఎవరికి తెలుసు?

విందుకొచ్చిన ఎసెన్‌గెల్ది తాత గుర్రం దిగుతూనే వేళాకోళం మొదలెట్టాడు. "ఏం కోడలా, గుర్రాన్ని విప్పేశావ్? మాంసం మిగుల్చుకుందామనా? ఈ ముసలాడి పళ్ళు చూసి జాలేసిందా?"

"విందు లేదు తాతా. ఏడాది నిండలేదు" అన్నాను.

"నిండకపోవడమేమిటే? మొదటి మంచుకి కదా..."

"మొదటి మంచుకి పోలేదు. ఏప్రిల్లో పోయాడు."

రొట్టెలు వేయించేవాళ్ళు గరిటెలు ఆపేశారు. వెనక నుంచి ఎవరో "మరి పైవాళ్ళు..." అన్నారు.

"పైవాళ్ళెవరూ లేరు" అన్నాను.  "ఆ ఇనుము మనుషులది. మన మనుషులదే. దాని విషం ఊపిరితిత్తుల్లోకి పోయి, ఆసుపత్రి మంచం మీద కళ్ళు పోయి, నా బెర్దిబెక్ నా కోసం చూస్తూ చూస్తూ పోయాడు. మీ పిల్లలు నీళ్ళు తాగే తొట్లు కూడా ఆ రేకువే. పారేయండి, ఈ రోజే పారేయండి!"

మా పెళ్ళయ్యాక ఆ పేరు నా నోట రావడం అదే మొదటిసారి. ఎవరూ తప్పు పట్టలేదు. తాత టోపీ తీసి నేల మీద కూలబడ్డాడు. ముసలమ్మలు వచ్చి నా మెడ పట్టుకున్నారు. అప్పుడు లేచింది మరిదీ ఏడుపు, ఏడాదిగా నేనొక్కదాన్నే మింగిన ఏడుపు, ముప్ఫై గొంతుల్లోంచి.

వచ్చినవాళ్ళలో సర్కారు కమిటీ ఆఫీసు కార్యదర్శి ఉన్నాడు. నేనే పిలిచాను, అందరినీ పిలిచినట్టే. ఏడుపు తగ్గేదాకా మర్యాదగా ఆగాడు. తర్వాత దగ్గరికొచ్చి, "అమ్మా, ఇవన్నీ మీకెవరు చెప్పారు?" అని మెత్తగా అడిగాడు.

కలొచ్చిందని చెప్పి ఉండొచ్చు. దారిన పోయే బాటసారి అనొచ్చు. వందమంది ఎదురుగా నాకు కథలు తట్టకపోలేదు. కానీ ఇంక చుట్టూ తిప్పి చెప్పడం నా వల్ల కాలేదు. చుట్టూ తిప్పి చెప్పుకునే కదా ఇంతవరకూ వచ్చాం.

"సెయిత్‌కమాల్ చెప్పాడు. మా మరిది" అన్నాను.

ఆయన ఏమీ రాసుకోలేదు. తలూపి, జీపెక్కి వెళ్ళిపోయాడు. తాత నా కేసి చూసి, "ఏం చేశావే తల్లీ" అన్నాడు. ఏం చేశానో తెలుసు. నీ ఉత్తరం కాల్చేశాను, అయినా దానివల్ల ఇప్పుడు ఒరిగేదేం లేదు.

అందుకే నీ ఉత్తరం తెచ్చిన మనిషినే ఆపి, ఇది చేతికిచ్చి, రాత్రీ పగలూ ప్రయాణం చేయమన్నాను. వాళ్ళకంటే, నాకంటే ముందు ఇది నీకు చేరాలి. నేను ఎల్లుండి బయల్దేరుతున్నాను, ఆ అంకె కర్ర పీకి పేరున్న రాయి పెట్టాలి. ఆపితే ఆపనీ, నడిచే వెళ్తాను.

వాళ్ళు వచ్చి అడిగితే నిజం చెప్పు. చుక్కలూ రథాలూ వద్దు. ఎవరు పడేశారో, ఎవరు తీసుకెళ్ళారో, ఎవరు సంతకం పెట్టించుకున్నారో, అది చెప్పు. పారిపోకు. నువ్వు పారిపోతే మీ అన్న మళ్ళీ ఆకాశంలోకే పోతాడు.

ఈ మూటలో ఉన్నది మీ అన్న గొర్రెతోలు కోటు. చంక దగ్గర చిరిగితే కుట్టాను, బొత్తాలు మార్చాను. నీకు భుజాల దగ్గర వదులవుతుంది, ఫర్వాలేదు. నిన్నెక్కడికి తీసుకెళ్తారో నాకు చెప్పరు, కారు వెనక మళ్ళీ పరిగెత్తే ఓపిక నాకు లేదు. నీ మీద కోపం పోలేదు, పోతుందో లేదో తెలియదు. వాళ్ళు తలుపు కొట్టినప్పుడు ఈ కోటు వేసుకుని వెళ్ళు.

బెర్దిబెక్ భార్య,
కున్‌సులు